అభినయ సంతకం పెట్టిన పాట

మా బ్యాండ్‌లో పాడేది అభినయ. మా ఊరి పక్క బాహూరు పిల్ల. పగలంతా టైర్ల కొట్లో బిల్లులు రాస్తుంది, సాయంత్రం మైకు పట్టుకుని గొంతు చించుకుంటుంది. ఇంట్లో తరతరాలుగా తెలుగే మాట్లాడతారు కానీ తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. పాటలన్నీ తమిళ లిపిలో రాసుకుంటుంది. యానాం నుంచి ఈ తమిళ ఊరికి చదువుకోడానికొచ్చి ఇక్కడే ఉండిపోయిన నేను డ్రమ్స్ వాయిస్తాను. గిటార్ వాయించే భానుప్రకాష్‌ది రాజమండ్రి. లోకంలో తనకు తెలియనిది లేదని వాడి నమ్మకం.

కొత్త ఆల్బమ్‌లో మొదటి పాట అభినయ వాళ్ల నాన్న సుధాకరన్ గారి గురించి. సేదరపేట్‌లో ఒక ఫ్యాక్టరీలో ప్రెస్సు మిషన్ కింద ఆయన కుడిచేతి వేళ్లు మూడు పోయాయి. చెయ్యి లోపలికి పోకుండా ఉండే ఇనుప జాలీని పని త్వరగా తెమలాలని పీకించింది యజమానే. 'మా నాయన వేళ్లు మొదలాళి తినేశాడు' అని అరుస్తుంది అభినయ. మొదలాళి అంటే వాళ్ల మాటలో యజమాని.

పాటల పుస్తకాన్ని తెలుగులో అచ్చు వేయించింది భానుప్రకాష్. మూడు వందల కాపీల మీదా, సరిగ్గా ఆ పాట కిందనే, అభినయ మురిసిపోతూ సంతకాలు పెట్టింది.

టూర్ మా ఊళ్లోనే, ముత్యాలపేటలో ఒక చిన్న హాల్లో మొదలైంది. మర్నాడు వ్యాన్‌లో విజయవాడ వెళ్లాలి. ముందు వరసలో సుధాకరన్ గారు కూర్చున్నారు. వెనక ఆంధ్రా నుంచి వచ్చిన కాలేజీ పిల్లలు పుస్తకాలు తెరిచి గొంతు కలిపారు. వాళ్లు పాడింది 'మా నాయన వేళ్లు విధి తినేసింది' అని. అన్ని గొంతుల కింద అభినయ మాట వినపడలేదు.

షో అయ్యాక సుధాకరన్ గారు కూతురి దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగారు.

"ఏంది పాప, మొదలాళిని వదిలిపెట్టేస్తివి?"

భానుప్రకాష్ సంజాయిషీ వినాలి! ఆ యజమాని కేసు వేస్తే కోర్టు చుట్టూ ఎవరు తిరుగుతారట. విధి అంటే ఎవరికీ నొప్పి ఉండదట. కోపాన్ని అరిచి పాడే పంక్ బ్యాండ్ పాటకి నొప్పి ఉండకూడదట! డ్రమ్ స్టిక్ తీసి వాడి నెత్తిన ఒక్కటి వేయాలనిపించింది.

అభినయ అరవలేదు. మామూలు గొంతుతోనే వాడికి చెప్పింది.

"మా నాయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఇంగ్లీషు కాయితం తెచ్చి ఎడం చేత్తో సంతకం పెట్టించిరి. తప్పు ఆయనదే అని ఉండింది దాంట్లో. ఆయనకి చదవను రాదు. నువ్వు నాకు అదే చేస్తివి."

ఈ పుస్తకాలు వ్యాన్ ఎక్కితే తను ఎక్కనంది. తర్వాత నావైపు తిరిగింది.

"నీకు చదవను వస్తుంది కదా నాగశ్రీ. నువ్వు చూడలేదా?"

అచ్చుకి వెళ్లకముందే చూశాను. విధి అంటే వినడానికి బాగుందనుకుని ఊరుకున్నాను. అదే చెప్పాను.

ఆమె పెన్ను తీసి నా చేతిలో కుక్కింది.

"అట్లయితే ఆ విధిని నువ్వే కొట్టేయ్. మూడు నూర్లూ."