నాకు ఇటలీ నేర్పిన మా కడప రమణక్క

నిన్న మధ్యాహ్నం, రమణక్క పనిచేసే ఇంటి క్లారా మేడం నుంచి ఫోన్ వచ్చింది.

ఆవిడ మెసేజ్ పెడుతుందే కానీ ఫోన్ చెయ్యదు. ఎత్తగానే "రమణ... రమణ..." అని రెండుసార్లు అని ఆగిపోయింది.

పొద్దున అక్క టీ పెట్టుకుని, కుర్చీలో కూర్చుని, అలాగే ఒరిగిపోయిందట. హార్ట్ ఎటాక్. హాస్పిటల్‌కి చేరేలోపే అయిపోయింది.

యాభై రెండేళ్లు. సోమవారమే నాతో గంటసేపు కబుర్లు చెప్పింది. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

మన గ్రూపులో చాలామందికి రమణక్క తెలియదు. అందుకే రాస్తున్నాను.

అక్కది కడప జిల్లా, జమ్మలమడుగు దగ్గర పల్లె. కూతురు అక్కడే ఉంటుంది. ఇక్కడ గల్ఫ్‌లో, అల్ హైల్ పేటలో క్లారా మేడం అనే ఇటాలియన్ ఆవిడ ఇంట్లో పదకొండేళ్లుగా వంటా, ఇంటి పనీ. ప్రతి సమ్మర్ వాళ్లతో పాటు ఇటలీలోని బొలోన్యా వెళ్లేది, మేడం వాళ్ల అమ్మని చూసుకోవడానికి. ఆ పెద్దావిడని అందరూ నోన్నా అంటారు. అంటే అమ్మమ్మ.

నాకు అక్క పరిచయమైంది వీసా ఆఫీసులో.

పెళ్లయిన పదిహేనేళ్లకి నేనూ మా ఆయనా ఇటలీ బయల్దేరుతున్నాం. ఫోన్‌లో ఆయనకి ప్లాన్ చదివి వినిపిస్తున్నాను. ఏడు రోజులు, ఆరు ఊళ్లు.

పక్క కుర్చీలో, పనిచేసే ఇంటివాళ్ల లెటర్ పట్టుకుని ఉన్నావిడ నవ్వింది.

"ఆరు ఊర్లా? ఇటలీ సూసేదానికి పోతాండారా, రైళ్లు ఎక్కి దిగేదానికి పోతాండారా?"

నాకు ఒళ్లు మండింది. ఇళ్లల్లో పనిచేసే ఆవిడ నాకు చెప్పడమేంటి అనుకున్నాను.

ఈ మాట రాయడానికి ఇవాళ సిగ్గుగా ఉంది.

నేను వెజిటేరియన్ అని తెలిశాక మాత్రం ఆవిడ వదల్లేదు. "మాంసం లేదంటారమ్మా, సూపులో ఎముకలు ఉడకబెట్టింటారు. సెంజా కార్నే, సెంజా బ్రోదో అనల్ల. మాంసమూ వద్దు, ఎముకల రసమూ వద్దు అని. ఏదీ, ఒకసారి అను."

వీసా ఆఫీసులో అందరి ముందూ అన్నాను!

ఆ తర్వాత నాలుగు శుక్రవారాలు, తన సెలవు రోజున, అదే ఊళ్లో బౌషర్‌లో ఉన్న మా ఇంటికి వచ్చింది.

పాస్తా ఉడికే నీళ్లలో నాచేత గుప్పెడు ఉప్పు వేయించింది. లోపల కాస్త పలుకు ఉండగానే దించమంది. మా ఆయన గరం మసాలా డబ్బా తీస్తే చేతిలోంచి లాక్కుంది. "అన్నా, టమాటా రుచి టమాటాకు ఉండనీ."

చర్చిలోకి భుజాలు కప్పుకుని వెళ్లాలి, బ్యాగులో చున్నీ ఉండాలి. మధ్యాహ్నం మూడింటికి ఆకలేస్తే చాలా హోటళ్లు మూసే ఉంటాయి. రోమ్‌లో వీధి కొళాయి నీళ్లు చల్లగా, బాగుంటాయి, బాటిల్ నింపుకోవచ్చు. భోజనం అయ్యాక పాల కాఫీ అడిగితే నవ్వుతారు. షాపులో అడుగు పెట్టగానే ముందు "బోన్ జోర్నో" అనాలి, వాళ్లకి పలకరింపు ముఖ్యం.

మా ఆరు ఊళ్లు మూడయ్యాయి. అందులో బొలోన్యా అక్క పెట్టించిందే. నోన్నాకి ఖర్జూరాల డబ్బా ఇచ్చి రావాలట.

ఆ ఊళ్లో వీధుల పొడుగునా ఇళ్ల ముందు స్తంభాల వసారాలే. మేం వెళ్లిన రోజు జోరుగా వాన. అయినా తడవకుండా నోన్నా ఇంటిదాకా నడిచాం.

ఎనభై దాటిన ఆవిడ తలుపు తీసి, డబ్బా చూసి, "రమణా!" అంటూ నా చెంపలు రెండూ పట్టుకుంది. మాకు ఆవిడ భాష రాదు. ఆవిడకి మాది రాదు. చేత్తో చేసిన పాస్తాని వెన్నలో ఏదో సువాసన ఆకు వేయించి కలిపి పెట్టింది. మాంసం లేకుండా. అక్క ముందే ఫోన్ చేసి చెప్పిందట.

అంత కమ్మటి భోజనం ఆ ట్రిప్‌లో ఇంకెక్కడా తినలేదు.

తిరిగొచ్చాక అక్కకి ఫోటోలు చూపిస్తున్నాను. రోమ్ కొలోసియం ఫోటో దగ్గర ఆగిపోయింది. ఫోన్ కళ్లకి దగ్గరగా పెట్టుకుంది.

"ఇంత పెద్దదా!"

"అదేంటక్కా, నువ్వు చూడలేదా?"

"నేనెప్పుడు పోయినానమ్మా? నోన్నా ఇల్లు, సందు చివర మార్కెట్టు, చర్చి. అంతే. తక్కినదంతా నోన్నా చెప్తాంటే ఇన్నదే."

అప్పటికి ఏడు సమ్మర్లు వెళ్లొచ్చింది.

మేడంతో మాట్లాడతానంటే భయపడింది. "వద్దమ్మా, పనికి ఎసరొస్తాది."

రెండు వారాలు ఆగాను. తర్వాత ఆగలేక ఫోన్ చేశాను. చేస్తున్నంతసేపూ ఒకటే ఆలోచన. నా మూలంగా అక్క ఉద్యోగం పోతే?

ఏడు సమ్మర్లు వెళ్లినా అక్క కొలోసియం చూడలేదని మేడంకి చెప్పాను. "ఏం చూడాలనుందని నేను ఒక్కసారి కూడా తనని అడగలేదు" అంది.

తను వద్దన్నా మాట్లాడానని అక్క నాతో నెల రోజులు పలకలేదు.

మరుసటి సమ్మర్‌లో వీడియో కాల్ వచ్చింది. వెనకాల కొలోసియం!

"పడిపోయిన గోడల్ని గూడా ఎంత భద్రంగా సూసుకుంటాండారో సూడమ్మా! మా గండికోటను గూడా ఇట్ల సూసుకోవల్ల."

నల్ల కళ్లద్దాలు. చేతిలో కారిపోతున్న ఐస్‌క్రీమ్. పక్కనే మేడం, అక్క బ్యాగు పట్టుకుని.

వేరేవాళ్లు ఇచ్చింది తింటూ అక్క తీరిగ్గా నిలబడటం నేను చూడటం అదే మొదటిసారి.

ఇవాళ పొద్దున అల్ హైల్ వెళ్లాను. అక్కని ఊరికి పంపే పేపర్లన్నీ మేడమే దగ్గరుండి చూస్తోంది. అక్కతో పాటు జమ్మలమడుగు దాకా తనే వెళ్తుందట.

"వాళ్ల అమ్మాయికి నేను ఏం చెప్పను? తెలుగులో ఒక మాట నేర్పు" అంది.

ఏం చెప్పాలనుందని అడిగాను. ఆలోచించి చెప్పింది. దాన్నే తెలుగులో చేసి, తనకొచ్చిన ఇంగ్లీషు అక్షరాల్లో కాగితం మీద రాసిచ్చాను.

"మీ అమ్మ దగ్గర నేను చాలా నేర్చుకున్నాను."

ఏడుస్తూనే నాలుగుసార్లు పలికి చూసుకుంది. నేనూ తనతో పాటు పలికాను.

అది నా మాట కూడా.

రమణక్కా, ఇంక నీకు డ్యూటీ లేదు. ఎవరికీ వండి పెట్టక్కర్లేదు.

మీ ఊరి మట్టిలో చల్లగా, హాయిగా నిద్రపో.