అవతలివాళ్లకు దొరకని తీర్పు

హైకోర్టు మద్రాసు నుంచి గుంటూరుకు వచ్చిన కొత్తలో నేను చోడవరం మునసబు కోర్టులో ఒక పెద్ద ప్లీడరుగారి దగ్గర జూనియర్ని. మా కేసులకు పనికొచ్చే పాత తీర్పులు వెతికి పెట్టడం నా పని. గురువుగారికి ఈ విషయంలో మహా చాదస్తం. వాది ప్రతివాదుల పేర్లు, ఏడాది, సంపుటి, పేజీ అన్నీ అప్పజెప్పినా చాలదు. తీర్పు పైన అచ్చేసిన సారాంశం మాత్రమే చదివి వచ్చానని తెలిస్తే పుస్తకం మొహాన కొట్టినంత పని చేసేవారు. "ఆ తీర్పు ఇంకా బతికే ఉందో లేదో చూశావుట్రా?" అనేవారు. అంటే, తర్వాత ఏ పెద్ద బెంచీ అయినా దాన్ని కొట్టేసిందేమో చూడాలన్నమాట.

చీడికాడ వైపు రైతు ఒకాయన మా కక్షిదారు. పక్కవాడి పొలంలోంచి వచ్చే కాలువే ఆయన చెరుకుకి ఆధారం. పక్కవాడు దానికి అడ్డుకట్ట వేశాడు. తండ్రుల కాలంలో నోటిమాట మీద వదిలిన నీళ్లవి. అలా వదిలినా, ఏళ్ల తరబడి పారితే హక్కేనని మద్రాసు తీర్పు ఒకటి దొరికింది. ఎగిరి గంతేశాను. అక్కడితో ఊరుకోకూడదూ! గురువుగారి చాదస్తం నాకూ అంటుకుంది. తర్వాతి సంపుటాలు తిరగేస్తే, ఒక్క జడ్జి ఇచ్చిన ఆ తీర్పు తప్పని ఇద్దరు జడ్జీలు కలిసి చెప్పేసి ఉన్నారు.

అవతలి ప్లీడరుకి ఆ సంగతే తెలియదు. ఆయన వాదనంతా అయిపోయింది, ఆ ఊసే లేదు.

"మనమూ ఊరుకుంటేనో?" అని గురువుగారి చెవిలో గొణిగాను.

"రెండోది దాచి, చెల్లని తీర్పు కోర్టుకి చూపిస్తామట్రా? లే, రెండూ చదువు."

లేచి చదివాను. జడ్జిగారు నన్ను మెచ్చుకుని, మా దావా కొట్టేశారు.

వరండాలో రైతు నా దగ్గరకొచ్చాడు. "బాబూ, ఆ రెండో పుస్తకం ఆళ్లు తెచ్చిందా, మనవే తెచ్చిందా?"

"మనమే."

"మరి నా సెరుక్కి నీళ్లెలాగ బాబూ?"

తిట్టినా బాగుండేది. మేం చేసింది న్యాయమేనని ఇప్పటికీ ఎవరితోనైనా వాదిస్తాను. అయినా ఆ పూట సిగ్గుతో చచ్చిపోయాను, అన్నం సయించలేదు.

మరుసటి వేసవికి రైతు చెరుకు తోట ఎండిపోయింది. పొలం ఆ పక్కవాడికే అమ్మేస్తున్నానంటూ వచ్చాడు. గురువుగారి దగ్గరకు కాదు, నా దగ్గరకు.

"కాయితం మీరే రాయండి బాబూ. ఇంకోడయితే ఏటి రాసేస్తాడో. మీరయితే ఉన్నది ఉన్నట్టు రాస్తారు."

కాదని ఎలా అనను? ఆయన హద్దులు ఒక్కొక్కటే చెబుతుంటే, తల ఎత్తకుండా రాశాను.