పండుగ రావద్దని మొక్కుకున్న యేడు

మొన్న ఆసుపత్రి నుంచి వస్తుంటే రోడ్డు పక్క ఒక ముసలామె చాప మీద ఇప్పపూలు ఎండబోసుకొని కూసున్నది. ఆ తియ్యటి మత్తు వాసన ముక్కుకు తాకింది. డెబ్బయి దాటినదాన్ని, పక్కనున్న గోడ పట్టుకొని నిలబడ్డ.

ఇప్పపూలు రాలే దినాలే మా కిరస్తానపోళ్లకు తపస్సుకాలం. బెల్లంపల్లిల బొగ్గుబాయి పక్కన, ఇంటింటికి ఒకటే గోడ అడ్డమున్న రేకుల ఇండ్ల లైన్ల మేముండేది. మా బాపు బాయిల దిగి టబ్బులకు బొగ్గు నింపేటోడు. యేడంతా సారకొట్టు మీదికెళ్లే ఇంటికొచ్చేటోడు, వచ్చి అవ్వను కొట్టేటోడు. కాని విభూది బుధవారం నాడు ఫాదర్ నుదుట బూడిద రాసినంక ఏసు తిరిగి లేచిన పాస్కా పండుగ దాక నలబై ఉపాస దినాలు సార ముట్టేటోడు కాదు.

అడివంత మోదుగుపూలతోని ఎర్రగున్న ఆ దినాలల్ల బాపు షిఫ్టు దిగి, నల్లా కాడ బొగ్గు కడిగిన నల్లటి నీళ్లు కారంగ తానం జేసి, అరుగు మీద కూసొని కొత్త చింతపండుల గింజలు తీసుకుంట అవ్వతోని ముచ్చట పెట్టేటోడు, నా జడ వంకరటింకరగ అల్లేటోడు, ఒక్కపొద్దు ఇడిచే యాళ్లకు జొన్నగటకల పచ్చిపులుసు పోసుకొని ముగ్గురం ఒక్క తల్లెల తినేది. అవ్వ ముందటి పన్ను సగం విరిగి ఉన్నదని నాకు ఆ దినాలల్లనే తెలిసింది, నవ్వితెనే గద కనపడేది.

పండుగ దగ్గరపడి గుడిల విగ్రహాలకు ఊదారంగు గుడ్డలు కప్పినంక నాకు దిగులు మొదలయ్యేది. పండుగకు వారమే ఉన్నదనంగ, మట్టల ఆదివారం నుంచి మిగిలిన దినాలు వేళ్ల మీద లెక్కబెట్టుకునేదాన్ని. ఎందుకంటె పండుగ నాడు పూజ కాంగనే, యాటకూర ఇంక పొయ్యి మీద ఉడుకుతుండంగనే, దోస్తులు పిలిచేది, బాపు పోయేది. ఒక పండుగ నాడు అవ్వ చెయ్యి విరిగింది.

తర్వాతి యేడు నాకు పదేండ్లు. పండుగ ముందు, చేసిన పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి పోయి, కట్టెజాలి అవతల కూసున్న ఫాదర్‌కు చెప్పిన. "పండుగ రావద్దని దినాం మొక్కుకున్న." ఎందుకని అడిగితె అదీ చెప్పిన. ఆయన జాలికి దగ్గరగ ఒరిగిండు.

"గీ మాట మీ బాపుకు చెప్పగలవా, బిడ్డా?" అన్నడు.

శనివారం పగటియాల బాపు ముందటి గోడకు సున్నమేస్తుండు. పక్కకు పోయి నిలబడ్డ.

"బాపూ, రేపు పండుగ వద్దు."

"ఎందుకే?"

"పండుగొస్తె నువ్వు మాకుండవు."

కుంచె గోడ మీదనే ఆగింది. సున్నం చేతి మీదికెళ్లి మోచేతి దాక కారింది, తుడుసుకోలే. కొడుతడనుకున్న. కొట్టలే.

మరునాడు దోస్తులు పిలిస్తె పోలే. కడపల కూసొని దర్వాజ గట్టిగ పట్టుకున్నడు. గట్లనే పదకొండు దినాలు సార ముట్టలే. ముద్ద ముట్టకుంట కూసుంటె అవ్వ తినిపించింది. దేవుడు నా మొర ఆలకించిండనుకున్న. పన్నెండో నాడు బాపు బాయి నుంచి తిన్నగ సారకొట్టుకు పోయిండు.

మళ్ల విభూది బుధవారం వచ్చింది. అవ్వ గుడికి తొడిగే తెల్లంగి తీసిచ్చింది. బాపు తొడుక్కోలే.

"నేను రాను. ఇన్నేండ్లు దేవుని ముందట నాటకమాడిన. నా బిడ్డకే తెలిసింది, ఆయనకు తెల్వదా?"

ఆ యేడు ఇంట్ల తపస్సుకాలం లేదు, బాపు ఒక్క దినం గూడ సార ఇడువలే. అవ్వకు యేడాదికొకసారి ఊపిరాడే దినాలు గూడ నా నోటి మాటతోనే పోయినయి. నేను ఎక్కెక్కి ఏడుస్తుంటె అవ్వ నా తల ఒళ్లె పెట్టుకొని, "నువ్వు చెప్పింది నిజమే బిడ్డా. ఆ నలబై దినాలు నాకు గూడ భయమే, అయిపోతయని" అన్నది. నిజంగనే అన్నదో, నా కోసమే అన్నదో ఇయ్యాల్టికీ తెల్వదు.

శుక్రవారాలు మేము లోపల సిలువమార్గం జపం చేస్తుంటె బాపు గుడి బయట ఎండల నిలబడేటోడు. నేను చెయ్యి పట్టి గుంజితె, సార వాసనతోని, "నువ్ పో బిడ్డా, మొక్కు" అనేటోడు. నాలుగేండ్లకు కడుపు ఉబ్బి సచ్చిపోయిండు. ఒక్కనాడు గూడ గుడి కడప దాటి లోపలికి రాలే.

ఇప్పుడు ఆ లైన్లు లేవు, గుడి లేదు, ఆ జాగంత బొగ్గు తవ్విన ఓపెన్‌కాస్టు గొయ్యి. ఇప్పుడు నేను పొయ్యే గుడిల ఫ్యాన్లున్నయి, మైకులున్నయి. నోరు మూసుకొని ఉంటె అవ్వకు ఇంకో నాలుగు తపస్సుకాలాలు దక్కేవి. చెప్పకుండ ఉండాల్సి ఉండెనా అని యేటేట బూడిద పెట్టిచ్చుకొని దేవుణ్ని అడుగుత. అడుగుడు ఇడువలే.