ఉత్తగా దొరికిన కోబాల్

ముందే ఒప్పుకుంటున్నాను, ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు రాదు. మా ఆవిడ నా మాటలను "గిద్దెడు పాలు, బిందెడు నురగ" అంటుంది. కాబట్టి ఇందులో ఎక్కడ కొలతలు కనిపించినా సగానికి సగం కోసేసుకోండి. అడుగున పాలు మాత్రం ఉన్నాయి.

రెండువేల మూడో నాలుగో సంవత్సరం. సూర్యాపేటలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో బీకాం కంప్యూటర్స్ పిల్లలకు కోబాల్ చెప్పేవాడిని. కోబాల్ అంటే మా నాన్న పెళ్లినాటి కంప్యూటర్ భాష. అందులో రాసిన ప్రోగ్రాం నడవాలంటే కంపైలర్ అనే సాఫ్ట్‌వేర్ ఉండాలి. మా ల్యాబులో ఎనిమిది కంప్యూటర్లు, వాటికి ఎనిమిది గుడ్డ ముసుగులు, గుమ్మం బయట గుట్టంత చెప్పుల రాశి ఉండేవి. కంపైలర్ ఒక్కటే లేదు. అయినా ఏ ఏడూ ఏ లోటూ రాలేదు. పిల్లలు సీనియర్ల రికార్డు చూసి ప్రోగ్రాం దించేవారు. కింద స్కేలుతో డబ్బా గీసి, జవాబు కూడా దించేవారు. నేను ఎర్ర ఇంకుతో సంతకం పెట్టేవాడిని. కంప్యూటర్ ప్రమేయం లేకుండా కంప్యూటర్ చదువు అలా నాలుగేళ్లు నడిచింది.

ప్రాక్టికల్స్‌కు ఇంకో పది రోజులున్నాయనగా ప్రిన్సిపాల్ పిలిచాడు.

"సార్, ఈసారి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ మిర్యాలగూడ నుంచి వస్తుండట. ఉత్త రికార్డు సూస్తే ఒప్పుకోడట. ప్రోగ్రాం మిషన్ల నడిపి సూపెట్టాల్నట."

"మన దగ్గర కంపైలరే లేదు గద సార్."

"లేకుంటే తెండ్రి. నలభై మంది ఫెయిలైతే వాళ్ల నాయనలు నా రూముకు వస్తరు. నేను మీ రూము సూపెడ్త."

నా కాళ్ల కింద నేల జారి నల్గొండ దాకా పోయింది.

మరునాడే కోదాడ బస్సెక్కాను. బస్టాండు ఎదురుగా సీడీల కొట్టు. సీడీలు తాటిచెట్టంత ఎత్తు పేర్చి ఉన్నాయి. కోబాల్ కంపైలర్ కావాలనగానే కొట్టతను నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"అది ఇంకా బతికే ఉందాండీ? సరే, ఈ రెండొందల సాఫ్ట్‌వేర్ల సీడీ పట్టుకెళ్లండి. ఏదో మూల ఉండకపోదు."

ఇంటికొచ్చి మూలమూలలా వెతికాను. టైపు నేర్పేది ఉంది, చదరంగం ఆడేది ఉంది, జాతకం చెప్పేది ఉంది. కోబాల్ లేదు. జాతకంలో మాత్రం నాకు ఉద్యోగ గండం ఉందని వచ్చింది.

తర్వాత మిర్యాలగూడ. రైసుమిల్లుల ఊక కళ్లలో పడుతుంటే దులుపుకుంటూ ఒక కంప్యూటర్ ట్రైనింగ్ సెంటరు మెట్లెక్కాను. యజమాని టీ తెప్పించి, చల్లగా చెప్పాడు.

"కంపెనీది కొనాల్నంటే మీ కాలేజీ అమ్మాలె సార్. అమ్మినా జర తక్కువ వడ్తది."

నా ముఖంలో నెత్తురు చుక్క లేకపోవడం చూసి జాలిపడ్డాడు. "గంత పరేషాన్ ఎందుకు? నెట్‌ల ఫ్రీగ దొరుకుతది. దించుకోండ్రి."

"ఫ్రీ అంటే?"

"ఫ్రీ అంటే ఫ్రీ సార్. పైసలడగరు."

"మరి చేసినోళ్లకేమొస్తది?"

"ఏమో, పుణ్యమొస్తదేమో."

టీ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. మంచినీళ్లు ప్యాకెట్లలో అమ్ముకుంటున్న ఈ భూమి మీద, కంపైలర్‌ను ఉత్తగా ఇచ్చేవాళ్లున్నారా! నాలుగేళ్ల నుంచీ ఉన్నారా! నేను చెయ్యి చాపకుండా కూర్చున్నానా!

సూర్యాపేట నెట్ సెంటర్లో దాన్ని దించుతుంటే మూడుసార్లు, అదీ అయిపోవచ్చే వేళకే, కరెంటు పోయింది. నాలుగోసారి దిగింది. సీడీలో రాయించి, ఆదివారం పిల్లలను పిలిచి ల్యాబు కంప్యూటర్లలోకి ఎక్కించాను. రికార్డులో మొదటి ప్రోగ్రాం మార్కులు కూడి పాసో ఫెయిలో చెప్పేది. అందరి డబ్బాల్లోనూ మొత్తం 412, పాస్ అని ఉంది. నేనే టైపు చేశాను. చుక్కలూ కామాలూ సరిచేసి, దేవుణ్ణి తలచుకుని నడిపాను.

తెర మీద: మొత్తం 12. ఫెయిల్.

మళ్లీ నడిపాను. మళ్లీ పన్నెండే. నేను ఇన్నేళ్లూ 412 అని చూసి పెట్టిన సంతకాలు వరసగా పరిస్తే తిరుమలగిరి దాకా వస్తాయి. అవన్నీ తప్పుడు సంతకాలేనా?

చివరికి కిటుకు తెలిసింది. కోబాల్‌లో ఒక్కో అంకెకు ఒక్కో తొమ్మిది రాసి చోటు ఉంచాలి. మార్కుల మొత్తం పట్టే చోట మా వాళ్లు రెండే తొమ్మిదులు రాశారు. చోటు చాలక నాలుగు వందలు రాలిపోయి పన్నెండు మిగిలింది. ఇంకో తొమ్మిది చేర్చాను. 412, పాస్. నలభై రికార్డుల్లోనూ మూడో తొమ్మిదిని ఇరికించాం.

సోమవారం ఎక్స్‌టర్నల్ వచ్చాడు. మోతె ఊరి నుంచి వచ్చే అమ్మాయి అందరికంటే ముందు కూర్చుని ప్రోగ్రాం నడిపింది. 412, పాస్. ఆయన తెర చూశాడు, రికార్డు చూశాడు, వేలు పెట్టి ఆపాడు.

"గీడ మూడు తొమ్మిదులున్నయేంది సార్? మా కాలేజీల రెండే ఉంటయ్."

"రెండు పెట్టి ఎన్నడన్న నడిపిన్రా సార్?"

ఆయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "మా దగ్గర కంపైలర్ ఏడిది సార్?"

"మరి నడిపి సూపెట్టాలె అన్నరట?"

"ఇన్నేళ్ల సంది చెప్తున్న. నడుస్తుంటే ఒక్కసారన్న సూద్దామని."

నలభై మందీ పాసయ్యారు. ఆయన సీడీకి ఒక కాపీ తీసుకుని, "భలే కనిపెట్టిన్రు సార్" అని నా భుజం తట్టి వెళ్లాడు.

ఇక, నేను కోతలు కోసింది ఎక్కడో చెప్పాలి. జాతకం నిజం, పన్నెండు మార్కులు నిజం, ఎక్స్‌టర్నల్ మాట అక్షరాలా నిజం. మూడో తొమ్మిదిని నేను చేర్చాననడం మాత్రం పచ్చి అబద్ధం. ఆదివారం ఆ పన్నెండు చూడగానే నేను "ఉత్తగ వచ్చింది గద, గిట్లనే ఏడుస్తది" అని కంపైలర్‌ను తిట్టి, స్విచ్చి మీద చెయ్యి వేశాను. మోతె అమ్మాయే అడ్డం పడింది.

"బంద్ జెయ్యకుండ్రి సార్. రెండంకెల జాగల మూడంకెలు ఎట్ల వడ్తయ్?"

ఎక్స్‌టర్నల్ నా భుజం తట్టినప్పుడు ఆ అమ్మాయి కంప్యూటర్ మీద ముసుగు కప్పుతూ అక్కడే ఉంది. నేను ఆయనకు థాంక్స్ చెప్పాను.