వెబ్‌సైట్‌కెక్కిన నా భక్తి

మా కోడలు రూతమ్మ మా బేతంచెర్ల చర్చికి వెబ్‌సైట్ చేస్తాండాది. మొదటి పేజీలో పెట్టనీకి పోయిన ఆదివారం ప్రార్థన జరిగేటప్పుడు ఫొటో తీసింది. అది తెలిసి అందరూ కండ్లు తెరిసి కెమెరా తట్టే సూసినారు. కండ్లు మూసుకోనుండేది నేనొక్కడే.

ఈ పొద్దు పాస్టరయ్య మా ఇంటికొచ్చినాడు. "పెద్దాయనా, నీ భక్తి సూసి శానా సంతోషమైంది. నీ ఫొటో ఒక్కటే పెద్దగా పెట్టిస్తా. కింద రాయనీకి నాలుగు మాటలు చెప్పు" అన్న్యాడు.

నేను గొంతు సవరించుకుంటాండా. కాఫీ తెచ్చిన మా ముసల్ది, "కండ్లు మూసింది సరే అయ్యగారూ, నోరెందుకు తెరిసినాడో అది గూడా అడగండి" అనింది.

పాస్టరయ్య ఫొటోను మళ్లీ దగ్గర పెట్టుకోని సూసినాడు.

"నా ప్రార్థన అంత పొడుగైందా?"

"ఏమో అయ్యగారూ, ఎప్పుడైపోయిందో నాకు తెల్దు" అంటి.

కోడలు సిగ్గుపడి ఆ ఫొటో తీసేస్తాననింది. ఆయన నవ్వుతా వద్దన్న్యాడు. "ఉండనీమ్మా. మన చర్చికొస్తే మనసు నెమ్మదిగా ఉంటాదని జనాలకు తెలుస్తాది."

నన్నొక్కన్నే పెద్దగా పెట్టేది పాయె గానీ, అందరితో పాటు మొదటి పేజీలో మాత్రం ఉండా. మీరూ సూసి చెప్పండప్పా, అది భక్తా, నిద్రా? నిద్ర అనేటోళ్లు మా ముసల్దానికి ఇనపడకుండా చెప్పండి.