ఒక నంబరు, ఒక మనిషి

ఉచితంగా దొరికే వస్తువు కోసం మనుషులు ఎంత పౌరుషంగా కొట్టుకుంటారో చూడాలంటే జగిత్యాలలో మా ఆఫీసుకు రావాల్సింది. ఆఫీసంటే టైర్ల దుకాణం మీద ఒక గది. అందులో నేనూ, ఇంజనీరింగ్ చదివిన నా స్నేహితుడూ కూర్చుని సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లం. మూడోవాడు సిరిసిల్లలో తన ఇంట్లోనే ఉండి మా తప్పులు పట్టేవాడు. నేను తొమ్మిదో తరగతిలో బడికి దండం పెట్టి, ఫోన్‌లో వీడియోలు చూసి ప్రోగ్రామింగ్ నేర్చుకున్నవాణ్ని. నన్ను ఆపడానికి బడి కూడా పెద్దగా ప్రయత్నించలేదు.

మాకు కోరుట్ల నుంచి ఒక పని వచ్చింది. అక్కడ చిన్న దుకాణం ఉన్న ఒకాయన, డ్రైవర్ను పెట్టుకుని, గల్ఫ్‌కు పోయేవాళ్లను వ్యాన్‌లో శంషాబాద్ విమానాశ్రయానికి చేరుస్తాడు. ఏ రోజు ఎవరు పోతున్నారు, ఎవరి ఇంటి దగ్గర సామాను ఎక్కించాలి, అంతా ఆయన తలలోనే ఉండేది. ఆ తలను కంప్యూటర్లోకి ఎక్కించమన్నాడు. తేలికైన పనే. కానీ తేలికైన పని తేలిగ్గా చేస్తే మా గొప్పతనం ఏముంటుంది?

మొదటి పోట్లాట ఆ వివరాలన్నీ దాచిపెట్టే డేటాబేస్‌తో మాట్లాడే పనిముట్టు గురించి. మా ముందు రెండున్నాయి. రెండూ ఓపెన్ సోర్స్‌వే. అంటే లోపలి కోడ్ ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, పైసా ఇవ్వక్కర్లేదు. మొదటిదానికి "ఈ ప్రయాణికుణ్ని దాచిపెట్టు" అన్నట్టు మనం ప్రోగ్రామ్ రాసే భాషలో చెబితే చాలు, డేటాబేస్ భాషలోకి అదే మార్చుకుంటుంది. రెండోది ఏమీ మార్చదు. ఆ భాషలో మనమే రాసివ్వాలి. అది మోసుకుపోయి అప్పజెప్పి వస్తుంది. నా స్నేహితుడు మొదటి పార్టీ, నేను రెండో పార్టీ.

"నడిమిట్ల ఒకడు లేకుంటే నీకు పని కాదారా? రేపు నీ పెండ్లాంతోని మాట్లాడుటానికి గూడ ఒకన్ని పెట్టుకుంటవా?" అన్నాను.

"నీకు నాలుగు లైన్లు రాసుడు అచ్చిందని ఎగురుతున్నవు. నలబై రాస్తే అండ్ల సగం తప్పులే ఉంటయి," అన్నాడు వాడు.

మాటలతో తేలలేదు కాబట్టి పందెం పెట్టుకున్నాం. లక్షమంది ఉత్తుత్తి ప్రయాణికులను సృష్టించి, రెండు పనిముట్లతోనూ డేటాబేస్‌లోకి తోసి, ఏది ముందు ముగిస్తుందో చూశాం. నాది గెలిచింది, రెప్పపాటు తేడాతో. ఆ రోజు నేను బిర్యానీ తెప్పించుకున్నాను. కోరుట్ల ఆయన వ్యాన్‌లో సీట్లు పన్నెండు.

సిరిసిల్లవాడి మతం వేరు. రాసిన సాఫ్ట్‌వేర్‌కు పరీక్షలు పెట్టే పనిముట్లలో ఒకటి కోడ్‌ను ముక్కలు చేసి ఒక్కో ముక్కనూ విడిగా నిలదీస్తుంది. ఇంకొకటి బ్రౌజర్ తెరిచి, మనిషి కూర్చున్నట్టే తనే పేరు కొట్టి, తనే బటన్ నొక్కుతుంది. వాడు ఈ రెండోదాని భక్తుడు. తెర మీద అక్షరాలు వాటంతటవే పడుతుంటే వాళ్లమ్మ జడుసుకుని దిష్టి తీసిందట, కొడుక్కి కాదు, కంప్యూటర్‌కు. ఈ పనిముట్టును ప్రపంచంలో ఎంతమంది మెచ్చుకున్నారో వాడు రోజూ ఫోన్ చేసి చెప్పేవాడు. సినిమా హీరోల అభిమానులే నయం, వాళ్లకు కనీసం పాటలైనా దక్కుతాయి.

ఉత్తుత్తి మనుషులను పుట్టించడానికి కూడా ఒక ఉచిత పనిముట్టు ఉంది. అది పుట్టించిన వాళ్లందరికీ ఇంగ్లిషు పేర్లు. ఒక్కొక్కరికీ సొంత ఫోన్ నంబరు. ఎవరికీ అన్న లేడు, మరిది లేడు, పక్కింటి ముసలాయన లేడు. అట్లాంటి మనిషిని కోరుట్ల బస్టాండులో నేనైతే చూడలేదు. కానీ వాళ్లతోనే పరీక్షలు పెట్టాం, అన్నీ పాసై పచ్చగా వెలిగాయి, సిరిసిల్లవాడు ఆ పచ్చదనాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాడు.

ఒక్క విషయంలో మాత్రం ముగ్గురికీ గొడవ రాలేదు. ఒక నంబరు అంటే ఒక మనిషి. అదే నంబరు మళ్లీ వస్తే, ఆ మనిషే వివరాలు మార్చుకుంటున్నాడని లెక్క. పాత పేరు చెరిపి కొత్తది రాసేయాలి. ముగ్గురం తలూపాం. కొట్టుకోకుండా తేల్చింది అదొక్కటే.

మొదటి ప్రయాణం రోజు మధ్యాహ్నం కోరుట్లకు ఇద్దరం పోయాం. ప్రయాణం పొడుగునా సాఫ్ట్‌వేర్‌ను కళ్లారా చూస్తానని నా స్నేహితుడు తన పేర కూడా ఒక సీటు బుక్ చేసుకున్నాడు. తాళ్లు చుట్టిన అట్టపెట్టెలు పైకెక్కుతుంటే వాడు కిటికీ పక్కన కూర్చుని లాప్‌టాప్ తెరిచాడు, విమానం వాడే నడుపుతున్నట్టు.

అప్పుడొచ్చింది ఒకామె, పక్కన గల్ఫ్‌కు తిరిగిపోతున్న భర్త, మరిది. వ్యాన్ ఆయన ఫోన్‌లో మా తెర చూశాడు.

"చెల్లె, మీ మరిది పేరు ఉన్నది. మీ ఇంటాయనది లేదు గద!"

"లేకపోవుడేందన్నా? ముందుగాల ఆయన పేరే చెప్పిన. తర్వాత మా మరిదిది చెప్పిన. నువ్వు సరే అనలేదా?"

ఆయన సరే అన్నమాట నిజమే. రెండుసార్లూ తెర మీద పచ్చ టిక్కు కూడా వచ్చింది. రెండూ ఆమె నంబరు మీదే. సెలవు మీద వచ్చినవాళ్ల ఇక్కడి సిమ్ ఎప్పుడో చచ్చి ఉంటుంది. గ్యాస్ బండ నుంచి బ్యాంకు దాకా ఇంట్లో ఆడమనిషి నంబరే అందరికీ దిక్కు. మా ముగ్గురి ఇళ్లలోనూ అంతే. మరిది పేరు రాగానే మా సాఫ్ట్‌వేర్ ఎంతో వినయంగా అన్న పేరు తుడిచేసింది.

"ఇయ్యాల్టి విమానం తప్పితే ఈయన వీసా పోతదన్నా," అందామె. భర్త పెట్టెకు కట్టిన తాడును మళ్లీ బిగిస్తూ నిలబడ్డాడు.

వ్యాన్ నిండిపోయింది. ఒక్క సీటులోనే విమానం ఎక్కని మనిషి ఉన్నాడు. అందరం వాడివైపు చూశాం.

"అన్నా, సిస్టంల నా సీటు మంచిగనే ఉన్నది, చూడుర్రి," అని వాడు లాప్‌టాప్ తిప్పి చూపించాడు.

"నీ సిస్టంల ఉంటె ఉండనీ తమ్మీ. నీకు దుబాయ్‌ల ఏం పని ఉన్నది?" అందామె. "గా సిస్టంల పేరు లేకుంటే గీ మనిషి లేనట్టేనా? పొద్దుగాల నా చేతి బువ్వ తిన్నదెవడు మరి?"

వ్యాన్‌లో అందరూ నవ్వారు. నేను తలుపు తీశాను.

"దిగురా."

"అరే, బుక్ చేసుకున్నరా నేను!"

"పొయ్యి డేటాబేస్‌ల కూసో. అండ్ల జాగ మస్తు ఉన్నది. మొన్న లక్షమంది పట్టిన్రు."

వాడు దిగాడు. ఆమె భర్త ఎక్కి, మరిది పక్కన ఒదిగి కూర్చున్నాడు. పెట్టె పైకి చేరింది, వ్యాన్ కదిలింది. నా స్నేహితుడు లాప్‌టాప్‌ను చంకలో పెట్టుకుని, తప్పు ఏ పనిముట్టుదో నాకు వివరించబోయాడు. ఏ పనిముట్టయితేనేం, మేం చెప్పిందే చేసింది పాపం. వ్యాన్ ఆయన వాణ్ని ఆపాడు.

"మీ ముచ్చట బంద్ చేయుర్రి. ఆ మనిషి విమానం ఎక్కినట్టు నాకు ఫోన్ అచ్చినంక మాట్లాడుదాం. ఎక్కకపోతే మీరే పోయి ఆమె ముంగట నిలవడుర్రి."

జగిత్యాల బస్సులు కళ్ల ముందే పోతున్నా ఎక్కలేదు. ఆయన దుకాణం ముందు బెంచీ మీద, పెద్దమనుషుల్లా గంభీరంగా, ఏ పనీ లేకుండా కూర్చున్నాం. పొద్దు గూకినాక ఆయన ఫోన్ మోగింది. ఒక్క నిమిషం విని, మాట్లాడమని నా చేతికిచ్చాడు.

"డ్రైవర్ ఫోన్ల నాతోని మాట్లాడి లోపటికి పోయిన్రు తమ్మీ," అందామె. "ఇద్దరు పోయిన్రు. ఇద్దరు. రాసుకో."