తొలినీళ్ళు తాగినవాళ్ళు

ఆదివారం మధ్యాహ్నం నాలుగూ పదికి వాంతులు మొదలయ్యాయి. ఇన్నేళ్ళయినా ఆ గంట మరిచిపోలేదు. ఇవాళ ఆత్మకూరులో మా కోడలు ఆల్చిప్పలు పొయ్యి మీద పెట్టగానే మూత సందులోంచి ఉప్పునీచు వాసన వచ్చింది. వెంటనే ఉదయగిరిలోని ఆడపిల్లల హాస్టలూ, దాని వార్డెను ఎస్తేరమ్మ టీచరూ గుర్తుకొచ్చారు.

నేను అక్కడ వంటమనిషిని, పిల్లలకు కాంతమ్మక్కను. ఆ ముందురోజు ఒక పిల్ల నాయన సముద్రం వైపు నుంచి గోనెసంచి నిండా ఆల్చిప్పలు తెచ్చాడు. మాది మేకలు కాచిన ఇల్లు. చిప్పలు వండడం నాకు అదే మొదలు. మా ఇళ్ళలో నీరసంగా ఉన్నవాళ్ళకు మేక కాళ్ళు ఉడికించి ఆ నీళ్ళు పట్టిస్తాం. అదే తీరున, చిప్పలు నోళ్ళు తెరవగానే తొలినీళ్ళు వంచి, నిమ్మకాయ పిండి, బక్కగా ఉన్న ఏడుగురు పిల్లలకు ఇచ్చాను. అందులో రమణమ్మకు మాత్రం రెండు గ్లాసులు. మంగళవారం నెల్లూరులో పరుగుపందేల ఎంపిక. హాస్టలు మొత్తంలో పిలుపు వచ్చింది దానికొక్కదానికే. "బలమొస్తాది, తాగు మే" అని దగ్గరుండి తాగించాను. అడుగున మిగిలింది నేను తాగాను. తరువాత మాంసం చింతపులుసులో బాగా ఉడికించి అందరికీ వడ్డించాను.

మరునాడు మొదట వాంతి చేసుకున్నది రమణమ్మే. పొద్దుగూకేలోపు మిగతా ఆరుగురూ, నేనూ పడ్డాం. "సంచి తెచ్చినోడిదే తప్పు, కుళ్ళిన సరుకు ఇచ్చినాడు" అన్నారు చూడవచ్చినవాళ్ళు. నేనూ తల ఊపాను.

టీచరు ఎవరినీ ఏమీ అనలేదు. పిల్లలకు ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు గుక్కగుక్కగా పట్టిస్తూ, నోటుబుక్కులో గళ్ళు గీసి, హాస్టల్లో ఒక్కొక్కరినీ అడిగారు.

"పులుసు తిన్నావా?"

"తిన్నాను టీచర్."

"చిప్పల తొలినీళ్ళు తాగినావా?"

"లావుగా ఉండానని కాంతమ్మక్క నాకు ఇవ్వలా. మంచిదే అయింది!"

పులుసు తిన్నవాళ్ళం ముప్పై నలుగురం. జబ్బుపడింది ఎనిమిది మందిమి. ఎనిమిది మందిమీ తొలినీళ్ళు తాగినవాళ్ళమే. టీచరు ఆ పుట నా వైపు తిప్పారు.

"చెడిపోయుంటే వాసన రాదా టీచరమ్మా?" అన్నాను.

"మురుగు కలిసిన నీళ్ళలో పెరిగుంటే వైరస్ ఉంటాది. వాసనకు తెలీదు, నిమ్మకాయకు చావదు. చిప్ప నోరు తెరిస్తే ఉడికినట్టేనా? నువ్వు నోరు తెరిస్తే అన్నీ తెలిసినట్టేనా?"

అంత నీరసంలోనూ నవ్వొచ్చింది. రేపు పొద్దున పొయ్యి వెలిగిస్తానన్నాను. "వాంతులు నిలిచినాక కూడా రెండు రోజులు వంటింటి గడప తొక్కబాక" అన్నారు. ఆ రోజులన్నీ ఆమే సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని వండారు.

సోమవారం సాయంత్రం రమణమ్మ గోడ పట్టుకుని లేచింది. "రేపటికి తగ్గుద్దా టీచర్?"

"తగ్గదు మే. నీకు అబద్ధం చెప్పను."

మంగళవారం ఉదయం ఆరింటికి నెల్లూరు బస్సు వెళ్ళిపోయింది. నేను దాని మంచం దగ్గర కూర్చుని, తప్పు సంచిది కాదు, నాదని చెప్పాను. అది గోడ వైపు తిరిగి పడుకుంది. సంచి తెచ్చిన మనిషికీ నేనే చెప్పుకున్నాను.

ఎవరికి జబ్బు చేసినా తిట్టే ముందు ఏం తిన్నారో, ఎప్పుడు తిన్నారో అడిగి రాసుకోవడం ఎస్తేరమ్మ టీచరు దగ్గర నేర్చినదే. ఇవాళ కూడా చిప్పలు తెరుచుకున్నాక కోడలిని పొయ్యి ఆపనివ్వలేదు.

ఆనాడు పోయినవి ఇవి: ఏడుగురు పిల్లలకు మూడేసి రోజుల చొప్పున ఇరవై ఒక్క రోజుల బడి. నాకు ఐదు రోజుల పని. రమణమ్మకు ఒక ఎంపిక. మరుసటి ఏటికి దానికి వయసు దాటింది.